ఉప్పెన తర్వాత పోయినవి

ఉప్పెన పట్టుకుపోయినవాటికి లెక్కలు రాశారు. మనుషులు ఇందరు, పశువులు ఇన్ని, ఇళ్ళు ఇన్ని, మునిగిన ఎకరాలు ఇన్ని అని తాలూకాల వారీగా కాగితాలున్నాయి. ఉప్పెన వదిలేసి వెళ్ళినవి కూడా కొన్ని ఉన్నాయి. అవి ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళలో ఒక్కొక్కటే పోయాయి. వాటికి లెక్క లేదు, నష్టపరిహారం మాట అసలే లేదు. పోతున్నట్టు కూడా చాలాకాలం ఎవరం గమనించలేదు. నేను రాయబోయేది వాటి గురించి.

మాది దివిసీమ. కృష్ణ పులిగడ్డ దగ్గర చీలి సముద్రంలో కలిసేలోపు ఆ పాయల నడుమ మిగిలిన నేల. అవనిగడ్డ, మోపిదేవి, కోడూరు, నాగాయలంక, ఇంకా కిందికి దిగితే హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది. ఆ కింది ఊళ్ళలో నేల ఎక్కడ అయిపోతుందో నీరు ఎక్కడ మొదలవుతుందో పోటూపాటూ చూసి చెప్పుకోవాలి. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దేశమంతటికీ మా పేరు తెలిసింది. అంతకుముందు బెజవాడ వాళ్ళక్కూడా మేము రేవు దాటి పోవాల్సిన దూరపు చుట్టాలమే.

ముందు చుట్టిల్లు. ఇప్పుడు పిల్లలకి చెబితే కాగితం మీద బొమ్మ వేసి చూపించాల్సి వస్తోంది. పల్లెకారుల పాలేల్లో, కూలీల పేటల్లో అప్పుడు ఎక్కడ చూసినా అవే. గోడ గుండ్రంగా ఉంటుంది. చెరువు మన్నులో వరిగడ్డి వేసి, నానబెట్టి, కాళ్ళతో తొక్కి, ముద్దలు చేసి పేర్చేవాళ్ళు. రోజుకి మూరెడు ఎత్తు మించి పెట్టకూడదు. పెడితే తెల్లారేసరికి కుంగిపోతుంది. ఆ మూర ఆరితే పై మూర. గోడ భుజాల ఎత్తుకి వస్తే చాలు, దానిమీద తాటి వాసాలు చుట్టూ వాల్చి కొసలన్నీ పైన ఒక్కచోట బిగించేవాళ్ళు. వాసాల మీద తాటాకు, తాటాకు మీద గడ్డి. చూరు ఎంత కిందికి దిగేదంటే లోపలికి పోవాలంటే ఎంతటి వాడైనా నడుం వంచాల్సిందే. పెళ్ళిచూపులకి సిల్కు లాల్చీలు వేసుకుని వచ్చినవాళ్ళు అలా వంగి వంగి దూరుతుంటే పిల్లలం వెనకాల నిలబడి నవ్వుకునేవాళ్ళం.

గాలికి పట్టు చిక్కాలంటే మూల ఉండాలి. చుట్టింటికి మూల లేదు. చూరు కిందికి దిగి ఉంటుంది కాబట్టి గాలి దూరి కప్పు లేపడమూ కష్టమే. ఇంజనీర్లు ఈ మాటే ఇప్పుడు బొమ్మలు గీసి, బాణాలు వేసి చెబుతారు. మా వాళ్ళకి బాణాలు తెలియవు. ఏటా కార్తీకంలో గాలి వస్తుందని తెలుసు, ఏ ఇల్లు నిలబడిందో చూసి మళ్ళీ అలాంటిదే కట్టుకోవడం తెలుసు. లోపల ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేది. నేల పేడతో అలికి, గోడకి ఎర్రమన్ను పూసి, కింద సున్నంతో చారలు పెట్టేవాళ్ళు. అటక మీద చింతపండు కుండ, ఎండుచేపల బుట్ట. మా నాయనమ్మకి పాక వంటిల్లు వేరే ఉన్నా రాత్రిపూట పడుకోవడం మాత్రం చుట్టింట్లోనే.

ఇంత చెప్పి, ఆ ఇల్లే మమ్మల్ని కాపాడిందని రాస్తే అబద్ధమవుతుంది. అది గాలికి కట్టిన ఇల్లు. నీళ్ళొస్తే మట్టిగోడ గంట కూడా ఆగదు.

ఆ రోజు గురించి ఎక్కువ రాయను. రాసినవాళ్ళు ఉన్నారు, నాకంటే దగ్గరగా చూసినవాళ్ళు ఉన్నారు. శనివారం. దీపావళి వెళ్ళి వారం దాటింది. వారం కిందటే ఒక తుపాను నాగపట్నం మీద పడింది కాబట్టి ఇదీ అటే పోతుందని కొందరు అనుకున్నారు. రేడియో ఉన్న ఇళ్ళు తక్కువ, ఉన్నా గాలికి గరగరే తప్ప మాట వినపడలేదు. ఇంకొకటి కూడా ఉంది. సముద్రం దరిని బతికేవాళ్ళ లెక్క తిథుల మీద నడుస్తుంది. అమావాస్యకి, పున్నానికి పోటు ఎక్కువ, అష్టమి నవములకి తక్కువ. ఆ శనివారం సరిగ్గా ఆ తక్కువ రోజుల్లో పడింది. సముద్రం ఆ లెక్క పాటించలేదు. సాయంత్రానికి నీరు 5 మీటర్ల ఎత్తున లేచి లోపలికి వచ్చింది. గాలి గంటకి 200 కిలోమీటర్ల వేగం. చనిపోయినవాళ్ళు, కనిపించకుండా పోయినవాళ్ళు కలిపి 10,000 దాటారని ప్రభుత్వం లెక్క తేల్చింది. మా వైపు ఆ లెక్కని నమ్మినవాళ్ళని నేను చూడలేదు. కోతల పనికని వచ్చిన కూలీల పేర్లు ఏ ఊరి జాబితాలో ఉంటాయి?

అదే తీరం మీద 1864 నవంబరు 1న ఇంకో ఉప్పెన వచ్చింది. బందరులో 30,000 మంది పోయారని పుస్తకాల్లో ఉంది. 1977 నాటికి మా ఊళ్ళో ఆ మాట చెప్పగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు, అదీ వాళ్ళ తాతల నోట విన్నది. నూరేళ్ళు గడిస్తే ఉప్పెన కథ అవుతుంది, కథ అయినదాన్ని నమ్మి ఎవరూ ఇల్లు మెరక మీదికి మార్చుకోరు.

ఆ రాత్రి నిలబడినవి తాటిచెట్లు. పంచెలతో, పైటచెంగులతో మానుకి కట్టేసుకుని బతికినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. మా పెదనాన్న అలా బతికినవాడే. తాటిమాను గరుకుకి ఛాతీ, మోచేతులు చీరుకుపోయి, ఆ గీతలు చివరిదాకా ఉండిపోయాయి. ఎండాకాలం చొక్కా విప్పి మంచం మీద కూర్చుంటే పిల్లలు అవేమిటని అడిగేవాళ్ళు. "కల్లు తాగి చెట్టెక్కాను, జారానురా" అనేవాడు.

ఆ తాళ్ళు ఇప్పుడు లేవు. ఇంటికి తాటాకు అక్కర్లేకపోయాక తాటిచెట్టుకి ఊళ్ళో పని తగ్గింది. కల్లుగీత తగ్గింది. తాటిమాను తొలిచి చేసిన దోనెలు పోయి ఫైబర్ పడవలు వచ్చాయి, 2004 సునామీ తర్వాత సంస్థలు పంచినవాటితో అవి మరీ ఎక్కువయ్యాయి. గట్ల మీద చెట్టు నీడ పైరుకి తగులుతోందని కొందరు, చెరువు తవ్వకానికి అడ్డమని కొందరు కొట్టించారు. ఉప్పెనకి కదలని మానులు ఇటుక బట్టీల్లో కాలాయి. తాటిచెట్టు పెరిగి కాపుకి రావాలంటే పన్నెండు పదిహేనేళ్ళు పడుతుంది. మళ్ళీ నాటినవాళ్ళు తక్కువ.

నీళ్ళ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఊరు మళ్ళీ ఊరుగా నిలబడింది అక్కడి నుంచే. మా భూమిలో నీళ్ళు ఉప్పు. పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే కాలువ నీళ్ళు చెరువులో పట్టుకుని, కాలువలు కట్టేశాక మళ్ళీ వదిలేదాకా అవే తాగాలి. ఊరికో మంచినీళ్ళ చెరువు. అందులో కాళ్ళు కడగకూడదు, పశువు దిగకూడదు, గట్టు చుట్టూ ముళ్ళకంప. కావడితో మోసుకొచ్చిన నీళ్ళలో చిల్లగింజ అరగదీసి వేస్తే బురద అడుక్కి దిగేది. సముద్రానికి దగ్గరి పాలేల్లో చెరువు కూడా ఉండదు. ఇసుక మెరకల్లో చెలమలు తవ్వేవాళ్ళు. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక కాబట్టి కింది ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. మోకాలి లోతు తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది. ఆశపడి ఇంకో మూర తవ్వితే ఉప్పు తగులుతుంది. ఎంత లోతులో ఆపాలో ఆడవాళ్ళకి చేత్తో తెలిసేది. కొబ్బరిచిప్పతో ఒక్కొక్క చిప్పా తోడి బిందె నింపుకునేవాళ్ళు.

ఉప్పెన మంచినీళ్ళ చెరువుల్ని ఉప్పునీటితో, కళేబరాలతో నింపేసి పోయింది. దారులు తెగిపోయాయి, సాయం వచ్చే వీలు లేదు. కొబ్బరిబోండాలు రాలినచోట ఏరుకుని పిల్లలకి తాగించారు. మా ఊళ్ళో శవాల పని కొలిక్కి రాగానే బతికినవాళ్ళు చేసిన మొదటి పని చెరువు తోడడం. గూడ వేశారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మధ్య బుట్టకి కట్టిన తాళ్ళు పట్టుకుని ఊపుతూ నీళ్ళు ముంచి గట్టు అవతలికి విసరడమే గూడ. చేలకి నీళ్ళు పెట్టే పాత పద్ధతి. బుట్టలు కొట్టుకుపోతే కిరసనాయిలు డబ్బాలు చీల్చి కట్టారు. పగలూ రాత్రీ జతలు మారాయి. అడుగు బురద తట్టలతో మోసి దూరంగా పోశారు. కాలువ రాగానే ఒకసారి చెరువు నింపి, ఆ నీళ్ళు అడుగునున్న ఉప్పు లాగాక మొత్తం వదిలేసి, మళ్ళీ నింపారు. అప్పటికి గాని చప్పటి నీరు నోటికి అందలేదు.

ఆ రోజుల్లో గూడ తాడు పట్టినవాళ్ళ కులం ఎవరూ అడగలేదని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నిజమే, అడగలేదు. చెరువు బాగుపడి ఏడాది తిరిగేసరికి పేటవాళ్ళ రేవు వేరు, ఊరివాళ్ళ రేవు వేరు అన్న కట్టడి మళ్ళీ వచ్చిందన్న మాట కూడా చెప్పాలి. అది పోవడానికి గాలివాన చాలలేదు, కుళాయి రావాల్సి వచ్చింది. కుళాయి వచ్చాక రెండు రేవులతో పాటు చెరువూ పోయింది. ఇప్పుడు గుర్రపుడెక్క పరుచుకుని ఉంది. గూడ పట్టడం వచ్చినవాళ్ళు మా ఊళ్ళో ఇప్పుడు ఉన్నారో లేరో.

బయటి సాయం చిన్నదేమీ కాదు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. అవనిగడ్డ ఎమ్మెల్యే మండలి వెంకటకృష్ణారావు ఆ నెలలన్నీ జనం మధ్యే ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని, మా వాళ్ళే ముట్టలేక తప్పుకున్న శవాల్ని ఎత్తి దహనం చేశారు. వాళ్ళ పేర్లు మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. బట్టల మూటలు గుట్టలుగా వచ్చాయి. ఉత్తరాది ఉన్ని కోట్లు, బొత్తాలు లేని సూట్లు, మా ఆడవాళ్ళకి ఎలా కట్టుకోవాలో తెలియని గౌన్లు. ఒక ముసలాయన ఆ శీతాకాలమంతా గళ్ళ కోటు, కింద గోచీతో పొలం గట్ల మీద తిరిగాడు. ఏడ్చి ఏడ్చి ఉన్న ఊరు ఆయన్ని చూసి నవ్వింది.

భూముల హద్దులు చెరిగిపోయాయి. గట్లు లేవు, గట్టు మీది తుమ్మలు లేవు, సర్వే రాళ్ళు ఇసుకలో ఎక్కడో. కరణం గారి చిట్టాలు తడిసి ముద్దయ్యాయి. కచేరీ నుంచి నకళ్ళు రావాలంటే నెలలు. అంతదాకా ఆగితే దాళ్వా మాట అటుంచి వచ్చే సార్వా కూడా పోతుంది. పెద్దలు నలుగురు చేలో నిలబడి, ఫలానావాడి మడికీ ఫలానావాడి మడికీ మధ్య కాలిబాట ఉండేది, ఆ బాట మీద నేరేడు చెట్టు ఉండేది, దాని మోడు ఇదిగో అని గుర్తుచేసుకుంటూ గట్లు వేయించారు. పెద్దరైతు పాలేరు చెప్పిన హద్దే ఎక్కువసార్లు నిలిచింది, నాగలి పట్టిన కాలికి మడి తెలుస్తుంది కదా. తగాదాలు రాలేదని కాదు, వచ్చాయి. ఇప్పటికీ కోర్టులో నడుస్తున్నది ఒకటి ఉందని విన్నాను. 1984లో కరణాల వ్యవస్థే రద్దయింది. ఇప్పుడు హద్దులన్నీ కంప్యూటరులో ఉన్నాయి. ఎక్కడి మోడు ఎవరి గుర్తో చెప్పే మనిషితో పని పడటం లేదు.

ఉప్పు పట్టిన చేలని తిరిగి దారికి తెచ్చుకోవడం కూడా మా వాళ్ళకి తెలిసిన విద్యే. కాలువ నీళ్ళు మడి నిండా నిలగట్టి, రెండు మూడు రోజులుంచి, మురుగు కాలువలోకి వదిలేయాలి. మళ్ళీ నిలగట్టాలి. ఉప్పుని ఓర్చే జీలుగ చల్లి, పూతకి రాగానే కలియదున్నాలి. ఇదంతా చెయ్యాలంటే పైచేనివాడు నీళ్ళు ఆపుకోకుండా కిందిచేనికి వదలాలి, మురుగు కాలువ అందరూ కలిసి తవ్వుకోవాలి. చేశారు. గింజ వచ్చాక దాచుకోవడానికి మళ్ళీ గడ్డితాడు పేని, వరసలుగా చుట్టి, పురులు కట్టారు. ఇంటిముందు పురి లావు చూసి ఆ ఇంటి స్థితి చెప్పేవాళ్ళం. ఇప్పుడు ధాన్యం కళ్ళం నుంచే లారీ ఎక్కుతోంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోతకొచ్చిన వరి నేలకొరిగింది. కోసి రోడ్ల మీద ఆరబోసింది ఆరబోసినట్టే తడిసింది. గింజ దాచుకునే చోటు ఇళ్ళల్లో లేదు.

ఇక కాలనీలు. ప్రభుత్వమూ సంస్థలూ కలిసి వేల ఇళ్ళు కట్టాయి. కొట్టుకుపోయిన మూలపాలెం బదులు దీనదయాళ్‌పురం అని కొత్త ఊరే లేచింది. వరసలు తీర్చి, నలుపలకలుగా, కాంక్రీటు కప్పుతో. ఎగిరిపోని కప్పు కింద మొదటిసారి పడుకున్న రాత్రి నిద్రపట్టలేదని మా అత్తయ్య చెప్పేది. అంత నిశ్శబ్దం ఆవిడకి అలవాటు లేదు, తాటాకు మీద వాన చప్పుడు లేకపోతే వాన పడుతున్నట్టే తెలియలేదట. వేసవి వచ్చాక శ్లాబు కింద పడుకోలేక అందరూ ముందు తాటాకు పంచ దించుకున్నారు. ఎవరి పక్కన ఎవరుండాలో లాటరీ తేల్చింది కాబట్టి, అక్కచెల్లెళ్ళు చెరో వీధి చివరికి పోయారు. చంటిపిల్లని ఎవరి దగ్గర వదిలి పనికి పోవాలి అన్నది అప్పుడు పెద్ద సమస్య. చుట్టిళ్ళు నాలుగైదు ఒక వాకిట చుట్టూ ఉండేవి, ఆ వాకిలి ఏ ప్లానులోనూ లేదు.

అయినా మళ్ళీ చుట్టింట్లోకి పోతావా అని అడిగితే ఎవరూ పోమనే అంటారు. నేనూ అంతే. చూడ్డానికి బాగుందని మట్టింటిని మెచ్చుకునేవాళ్ళు ఏటేటా కప్పు నేసినవాళ్ళు కారు. నాకున్న బాధ ఒక్కటే. కొత్త ఇల్లు కట్టినవాళ్ళు పాత ఇంటిని ఒకసారి లోపలికి వంగి చూసి ఉంటే బాగుండేది. పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు ఉప్పెన తర్వాత ఏళ్ళ తరబడి కృష్ణా డెల్టాలో తిరిగి 1992లో ఒక పుస్తకం వేశాడు. ఎవరు తేరుకున్నారు, ఎవరు తేరుకోలేదు అన్నది కప్పు గట్టిదనం కంటే చేతిలో ఎకరం, గేదె, అప్పు పుట్టే దారి ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి తేలిందని ఆయన వాదన. మా పేటలో ఎవర్ని అడిగినా అదే చెబుతారు, కాకపోతే వాళ్ళు పుస్తకం వెయ్యలేదు.

తుపాను షెల్టర్లు కూడా అప్పుడే లేచాయి. ఎత్తైన స్తంభాల మీద గదులు, పైకి మెట్లు. మామూలు రోజుల్లో వాటిలో బడి. వాటి విలువ 1990 మేలో తెలిసింది. మే 9న మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుపాను తీరం దాటింది. గాలి 1977 నాటికి తీసిపోయేది కాదు. ఈసారి లక్షల మందిని ముందే కదిలించారు, చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. అది కూడా తక్కువేమీ కాదు, కాని పదివేలతో పోల్చి చూడండి. ఆ మధ్యలో మచిలీపట్నంలో రాడార్ వచ్చింది, కలెక్టరాఫీసుల్లో తుపాను ప్రణాళికలు వచ్చాయి. వాటన్నిటికంటే, నీరు వస్తుందంటే నమ్మే తరం ఊళ్ళో బతికి ఉంది. టముకు చప్పుడు వినగానే బియ్యం మూట, రేషను కార్డు పట్టుకుని మెరక ఎక్కినవాళ్ళు వాళ్ళు. టముకు వేసే తలారి కేక వేసి ఊరుకోలేదు, ప్రతి గుమ్మం ముందు ఆగి లోపల ముసలివాళ్ళు ఉన్నారా అని చూసుకున్నాడు. ఇప్పుడు హెచ్చరిక సెల్‌ఫోనుకి నిమిషంలో వస్తుంది. మంచిదే. మంచం దిగలేని ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో ఆ సందేశానికి తెలియదు. తొలినాటి షెల్టర్లలో కొన్నిటికి ఉప్పుగాలికి చువ్వలు బయటపడ్డాయి, వలలు ఆరేసుకోవడానికి పనికొస్తున్నాయి.

ఊరి ముందు కట్టినవాటి కంటే ఊరి ముందు ఉన్నవాటి గురించి నాకు బెంగ ఎక్కువ. ఇసుక మెరకలు, మడ. మెరకల మీద ఉప్పెన తర్వాత సరుగుడు నాటారు, గాలి కాచే తోటలుగా. మెరక నిలిచినంతకాలం బాగానే ఉంది. తర్వాత ఇసుక ఇళ్ళకీ రోడ్లకీ పోయింది, కొన్ని మెరకలు చదునై చెరువులయ్యాయి. మెరకతో చెలమ పోయింది. మడ అంటే సొర్లగొంది, నాచుగుంట వైపు అడవి. నల్లమడ, తెల్లమడ, పొన్న, పాలు కంట్లో పడితే చూపు పోయే తిల్ల. అందులో పీతల బొరియలు, బావురుపిల్లి, యానాదుల దారులు. ఏ కాలువలో పాటుకి ఎంత నీరు మిగులుతుందో, ఏ వేరు మీద కాలు పెట్టొచ్చో ఆ దారుల్లో నడిచినవాళ్ళకే తెలుసు. ఒకప్పుడు అటవీశాఖే కూపులు వేసి మడ నరికించేది. 1989లో అభయారణ్యం చేశారు. సరిగ్గా ఆ తర్వాతే టైగర్ రొయ్య వచ్చింది.

రొయ్యలు మాకు డబ్బు చూపించాయి. కూడబెట్టినవాళ్ళు ఉన్నారు, కాదనను. 1994, 95 నాటికి తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద కట్టడి విధిస్తూ తీర్పు ఇచ్చింది. తీర్పు వచ్చింది, చెరువులూ ఉన్నాయి. జీలుగ చల్లి, నీళ్ళు నిలగట్టి, నెలల తరబడి ఉప్పు కడిగిన మళ్ళలోకి ఇప్పుడు మోటార్లు పెట్టి ఉప్పునీరు ఎక్కిస్తున్నారు. మా తాతల చెమట అని నాటకీయంగా అనను గాని, ఆ మోటారు చప్పుడు వింటే మా పెదనాన్న లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు.

మడ మళ్ళీ పెంచిన కథ కూడా ఉంది. నరికినచోట నేల కుంగి పళ్ళెంలా అవుతుంది. పోటుకి వచ్చిన నీరు పాటుకి వెనక్కి పోదు, నిలిచి ఎండుతుంది, ఉప్పు పేరుకుంటుంది, అక్కడ మడ విత్తనం మొలవదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊళ్ళ వన సంరక్షణ సమితులు కలిసి కృష్ణా గోదావరి మడల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. నడుమ పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. పోటు లోపలికి వస్తుంది, పాటుతో ఉప్పుని తీసుకుని పోతుంది. ఆ గట్ల మీద నాటిన నల్లమడ నిలిచింది. కొలతలు శాస్త్రవేత్తలు చెప్పారు, నీరు ఎటు పోతుందో యానాదులు, పల్లెకారులు చెప్పారు. మంచినీళ్ళ చెరువులో గూడ వేసినవాళ్ళ పిల్లలు అక్కడ పార పట్టారు. ఇక్కడ మాత్రం కూలి ఇచ్చారు, అది న్యాయం.

ఇంతా చేస్తే నేల నిలబడుతుందా అంటే, అది మా ఒక్కళ్ళ చేతుల్లో లేదు. డెల్టా అంటే నది తెచ్చి పోసిన ఒండ్రు. నాగార్జునసాగర్, శ్రీశైలం వెనక ఆ ఒండ్రు ఆగిపోయాక సముద్రం తినేదానికి సరిపడా నది తేవడం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు, ఆయన తోటివాళ్ళు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి తీరం ఎక్కడెక్కడ వెనక్కి జరిగిందో చూపించారు. మా చిన్నప్పుడు వనభోజనాలకి పోయిన ఇసుక గట్టు ఎక్కడని అడిగితే పడవవాడు నీళ్ళలోకి చెయ్యి చూపిస్తాడు.

చేపముల్లు కాలువలకి ఒక పేచీ ఉంది. అవి పూడుతుంటాయి. పూడిక తీయకపోతే మళ్ళీ నీరు నిలిచి, ఉప్పు పేరుకుని, పెరిగిన చెట్టు చస్తుంది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళూ డబ్బు వచ్చింది, తీశారు. ఇప్పుడు ఎవరు తీయాలి? అటవీశాఖ అంటే మనుషులు లేరంటుంది. పంచాయతీని అడిగితే అభయారణ్యంలో మాకు పనేమిటంటుంది. ఉపాధి హామీ పనుల్లో పెట్టించాలని పాలెం కుర్రాళ్ళు అర్జీలు రాస్తున్నారు. మొన్న వానాకాలానికి ముందు వాళ్ళలో పదిమంది ఎవరి కోసం ఆగకుండా పారలు పట్టుకుని పడవెక్కి పోయి రెండు పిల్లకాలువలు బాగుచేసి వచ్చారు. పెద్ద కాలువ అలాగే ఉంది. దానికి ఎక్కువమంది కావాలి, డీజిలు కావాలి, నాలుగైదు రోజుల కూలి వదులుకోవాలి. అట్లతద్ది వెళ్ళాక మాట్లాడుకుందామని అనుకున్నారు.